తలగాయాల జీవసూచికలు

తలకు దెబ్బ తగిలినప్పుడు మెదడులోని కణాలు దెబ్బతిని, వాటిలోని కొన్ని ప్రోటీన్లు రక్తంలోకి చేరుతాయి. వీటిని తలగాయాల జీవసూచికలు అంటారు. రక్తంలో వీటి పరిమాణాన్ని కొలిచి, దెబ్బ తగిలిన వ్యక్తికి సీటీ స్కాన్ అవసరమా, కాదా అనే విషయంలో అత్యవసర విభాగపు వైద్యులు ఒక అంచనాకు వస్తారు. వీటిలో ముఖ్యమైనవి జీఎఫ్‌ఏపీ, యూసీహెచ్-ఎల్1, ఎస్100బి. ఈ పరీక్ష మెదడులో రక్తస్రావం ఉన్నదని నిర్ధారించదు. స్కానులో కనిపించే గాయం ఉండే అవకాశం చాలా తక్కువ అని మాత్రమే చెప్పగలదు. ద్విచక్ర వాహనాల రద్దీ అధికంగా ఉండే హైదరాబాదులోని హైటెక్ సిటీ, సైబరాబాదు ప్రాంతం వంటి చోట్ల దీని ఉపయోగం ఎంత అనేది ఈ భేదాన్ని సరిగా గ్రహించడంపైనే ఆధారపడి ఉన్నది.

తలగాయం - తీవ్రత

తలగాయం అంటే పైకి కనిపించే చర్మపు గాయం మాత్రమే కాదు. పుర్రె లోపల మెదడు పలుచని ద్రవంలో తేలుతూ ఉంటుంది. వేగంగా పోతున్న వాహనం ఒక్కసారిగా ఆగినప్పుడు పుర్రె ఆగినా, లోపలి మెదడు ముందుకు కదిలి పుర్రె గోడకు తగులుతుంది. అందువలన తలపై చిన్న గీత కూడా పడకుండానే లోపల రక్తనాళాలు చిట్లవచ్చును, నాడీతంతువులు సాగి తెగిపోవచ్చును.

గాయం తీవ్రతను కొలవడానికి ప్రపంచమంతటా గ్లాస్గో కోమా స్కేలును వాడుతారు. దీనిని 1974లో గ్లాస్గో నగరానికి చెందిన గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ రూపొందించారు. కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, శరీర కదలికకు 6 చొప్పున మొత్తం 15 మార్కులు ఉంటాయి. కనిష్ఠం 3. సాధారణంగా 13 నుండి 15 వరకు వస్తే స్వల్ప గాయమని, 9 నుండి 12 వరకు మధ్యస్థమని, 8 లేదా అంతకంటే తక్కువైతే తీవ్రమని పరిగణిస్తారు.

తలగాయంతో ఆసుపత్రికి వచ్చేవారిలో అత్యధికులు స్వల్ప గాయం కలవారే. వీరిలో ఎక్కువమందికి సీటీ స్కానులో ఏమీ కనిపించదు. కాని కొద్దిమందికి లోపల రక్తస్రావం ఉంటుంది. పుర్రెకు, మెదడును కప్పి ఉండే గట్టి పొరకు నడుమ రక్తం చేరుతున్నప్పుడు, రోగి మొదట స్పృహ తప్పి, తరువాత తేరుకొని చక్కగా మాట్లాడి, కొన్ని గంటల తరువాత మళ్ళీ స్పృహ కోల్పోవచ్చును. "బాగానే ఉన్నాను" అని ఇంటికి వెళ్ళిన వ్యక్తి రాత్రికి ప్రాణాపాయ స్థితిలోకి వెళ్ళడానికి ఇది ఒక కారణం. ఇటువంటి కొద్దిమందిని పెద్ద గుంపులో నుండి సకాలంలో వేరుచేయడమే అత్యవసర వైద్యుని ముందున్న సమస్య.

సైబరాబాదు ప్రాంతం

1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లోని సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. ఆ తరువాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలు సాఫ్ట్‌వేర్ కార్యాలయాలతో నిండిపోయాయి. 2003లో సైబరాబాదు పోలీసు కమిషనరేట్ ఏర్పడినది. 2019లో మెట్రో రైలు మార్చి నెలలో హైటెక్ సిటీ వరకు, నవంబరు నెలలో రాయదుర్గం వరకు వచ్చినది. అయినప్పటికీ కార్యాలయాలకు, హాస్టళ్ళకు, ఇళ్ళకు నడుమ ప్రయాణంలో మోటారుసైకిళ్ళు, స్కూటర్ల వాడకం చాలా ఎక్కువ. ఆహారాన్ని, సరుకులను ఇళ్ళకు చేర్చే యువకులు కూడా రాత్రింబగళ్ళు ద్విచక్ర వాహనాలపైనే తిరుగుతారు.

ఈ ప్రాంతపు రోడ్లపై జరిగిన కొన్ని ప్రమాదాలు రాష్ట్రమంతటా చర్చకు వచ్చాయి. 2019 నవంబరు 23న గచ్చిబౌలి సమీపంలోని బయోడైవర్సిటీ కూడలి వద్ద, అదే నెలలో ప్రారంభమైన ఫ్లైఓవర్ పైనుండి ఒక కారు కింద రోడ్డుపై పడగా అక్కడ నిలబడి ఉన్న ఒక మహిళ మరణించారు. 2021 సెప్టెంబరు 10న సినీనటుడు సాయి ధరమ్ తేజ్ దుర్గం చెరువు తీగల వంతెన సమీపంలో మోటారుసైకిల్ జారి పడి స్పృహ కోల్పోయారు. ఆయన హెల్మెట్ ధరించి ఉన్నారు. మెదడుకు, వెన్నుపాముకు పెద్ద గాయాలు కాలేదని, మెడకింది ఎముక విరిగినదని ఆసుపత్రి వర్గాలు ప్రకటించాయి.

దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ ప్రకటించింది. వీరిలో ద్విచక్ర వాహనాలపై ఉన్నవారు సుమారు 44 శాతం. హెల్మెట్ ధరించకుండా మరణించిన వారి సంఖ్య 50,029.

ప్రమాదం జరిగిన చోటి నుండి ఆసుపత్రికి చేర్చడంలో 108 అంబులెన్సు సేవ కీలకమైనది. ఇది 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాదు కేంద్రంగా ప్రారంభమైనది. గాయపడిన వారిని ఆసుపత్రికి చేర్చిన సామాన్యులకు పోలీసు, కోర్టు చిక్కులు రాకుండా 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ రక్షణ కల్పించింది.

సీటీ స్కాన్

1971 అక్టోబరు 1న లండనులోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో తొలిసారిగా ఒక రోగి తలకు సీటీ స్కాన్ తీశారు. ఈ యంత్రాన్ని రూపొందించిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్‌కు, దాని గణితపు పునాదిని సిద్ధం చేసిన అలన్ కార్మాక్‌కు 1979లో నోబెల్ బహుమతి లభించినది. పుర్రెలోని రక్తస్రావాన్ని, ఎముక విరుగుడును కొద్ది నిమిషాలలో చూపగలదు గనుక తలగాయాలలో నేటికీ ఇదే ప్రధాన పరీక్ష.

దీనికి కొన్ని ఇబ్బందులు ఉన్నాయి. తల స్కానులో రోగికి సుమారు 2 మిల్లీసీవర్టుల వికిరణం తగులుతుంది. ఇది ప్రకృతి సహజంగా ఒక మనిషికి ఏడాది కాలంలో తగిలే వికిరణానికి దాదాపు సమానం. ఒక్కసారికి ఇది పెద్ద హాని కాకపోయినా, అవసరం లేనివారికి తీయడం మంచిది కాదు. యంత్రం ఖరీదైనది, అన్ని ఆసుపత్రులలో ఉండదు. ఉన్న చోట కూడా పక్షవాతం, కడుపు గాయాలు మొదలైన ఇతర రోగులు అదే యంత్రం కోసం వేచి ఉంటారు.

అందువలన ఎవరికి స్కాన్ తీయాలో నిర్ణయించడానికి వైద్యులు కొన్ని నియమావళులను తయారుచేసుకున్నారు. 2001లో ప్రచురితమైన కెనడా నియమావళి వీటిలో ప్రసిద్ధమైనది. దెబ్బ తగిలినప్పుడు స్పృహ తప్పినవారికి, జ్ఞాపకం కోల్పోయినవారికి, లేదా అయోమయానికి గురైనవారికి ఇది వర్తిస్తుంది. వయసు 65 సంవత్సరాలు లేదా అంతకు మించడం, రెండు లేదా అంతకంటే ఎక్కువ వాంతులు, రెండు గంటలు గడిచినా స్కేలులో 15 మార్కులు రాకపోవడం, పుర్రె విరిగిన లక్షణాలు, దెబ్బకు ముందరి అరగంట లేదా అంతకు మించిన కాలం గుర్తు లేకపోవడం, పాదచారిని వాహనం ఢీకొనడం వంటివి ఇందులో స్కానుకు సూచనలు. ఇటువంటి నియమాలకు ఖర్చు లేదు. రక్తపరీక్ష వీటికి తోడుగా వచ్చినదే గాని వీటి స్థానంలో వచ్చినది కాదు.

రక్తంలోకి చేరే ప్రోటీన్లు

మెదడుకు, రక్తానికి నడుమ రక్తనాళాల గోడలే ఒక కట్టుదిట్టమైన అడ్డుగోడగా పనిచేస్తాయి. మామూలు పరిస్థితిలో మెదడు కణాలలోని ప్రోటీన్లు రక్తంలో అతి స్వల్పంగా మాత్రమే ఉంటాయి. దెబ్బ తగిలి కణాలు పగిలినప్పుడు, ఈ అడ్డుగోడ కూడా దెబ్బతిన్నప్పుడు ఆ ప్రోటీన్లు రక్తంలోకి వస్తాయి. గుండెపోటు వచ్చినప్పుడు గుండె కండరం నుండి ట్రోపోనిన్ రక్తంలోకి రావడం వంటిదే ఇది. అయితే మెదడు ప్రోటీన్ల పరిమాణం చాలా తక్కువ. వీటిని పికోగ్రాములలో కొలుస్తారు. ఒక పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు.

జీఎఫ్‌ఏపీ: నాడీకణాలకు ఆసరాగా ఉండే నక్షత్రాకారపు కణాలలో ఉండే ప్రోటీను. గాయమైన గంటలోపే రక్తంలో కనిపిస్తుంది. సుమారు 20 గంటలకు గరిష్ఠ స్థాయికి చేరి, తరువాత కొన్ని రోజులపాటు నిలిచి ఉంటుంది. ఆలస్యంగా ఆసుపత్రికి వచ్చినవారి విషయంలో ఇది ఉపయోగపడుతుంది.

యూసీహెచ్-ఎల్1: నాడీకణాలలో ఉండే ఎంజైము. త్వరగా పెరిగి, సుమారు 8 గంటలకు గరిష్ఠ స్థాయికి చేరి, త్వరగానే తగ్గుతుంది. ఈ రెండు ప్రోటీన్లు వేర్వేరు కణాల నుండి, వేర్వేరు వేగాలతో వస్తాయి గనుక రెండింటినీ కలిపి కొలుస్తారు.

ఎస్100బి: 1965లో గుర్తించిన ఎస్100 ప్రోటీన్ల వర్గానికి చెందినది. పూర్తిగా సంతృప్తమైన, అనగా నూరు శాతం, అమ్మోనియం సల్ఫేటు ద్రావణంలో కరుగుతుంది గనుక ఆ వర్గానికి ఈ పేరు వచ్చినది. ఇది మెదడులోనే కాక కొవ్వు కణాలలో, చర్మానికి రంగునిచ్చే కణాలలో కూడా ఉంటుంది. అందువలన తలకు ఏమీ కాకుండా ఎముకలు విరిగినా రక్తంలో దీని స్థాయి పెరగవచ్చును. మోటారుసైకిల్ ప్రమాదాలలో చేతులు, కాళ్ళు, మెడకింది ఎముక విరగడం సాధారణం గనుక ఇది గుర్తుంచుకోవలసిన లోపం.

ఎన్‌ఎస్‌ఈ అనే మరొక ప్రోటీను ఎర్ర రక్తకణాలలోనూ ఉంటుంది. రక్తం తీసేటప్పుడు ఆ కణాలు పగిలితే ఫలితం తప్పుగా ఎక్కువ వస్తుంది. న్యూరోఫిలమెంట్ లైట్ అనే ప్రోటీను రోజుల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. ఇది అత్యవసర విభాగంలో కంటే, రోగి కోలుకొనే తీరును తెలుసుకోవడానికి అనువైనది.

పరీక్షల చరిత్ర

అత్యవసర చికిత్సలో మొదట స్థానం సంపాదించినది ఎస్100బి. 2013లో స్కాండినేవియా దేశాల వైద్యుల మార్గదర్శకాలు, కొన్ని రకాల స్వల్ప గాయాలలో దెబ్బ తగిలిన 6 గంటలలోపు తీసిన రక్తంలో ఎస్100బి లీటరుకు 0.10 మైక్రోగ్రాముల కంటే తక్కువగా ఉంటే స్కాన్ తీయకుండానే ఇంటికి పంపవచ్చునని పేర్కొన్నాయి.

2018 ఫిబ్రవరి 14న అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ జీఎఫ్‌ఏపీ, యూసీహెచ్-ఎల్1 ప్రోటీన్లను కలిపి కొలిచే బన్యాన్ సంస్థ పరీక్షకు అనుమతి ఇచ్చినది. ఆ పరీక్ష ప్రయోగశాలలో గంటల సమయం తీసుకొనేది. 2021 జనవరిలో అబ్బాట్ సంస్థ వారి ఐ-స్టాట్ అనే చేతియంత్రానికి అనుమతి లభించినది. ఇది 15 నిమిషాలలో ఫలితం చెప్పగలిగినా, ముందుగా రక్తం నుండి ప్లాస్మాను వేరుచేయవలసి వచ్చేది. 2024 ఏప్రిల్‌లో ఆ అవసరం లేకుండా, సిర నుండి తీసిన రక్తాన్నే నేరుగా రోగి మంచం వద్ద పరీక్షించే పద్ధతికి అనుమతి వచ్చినది. ఇది 18 సంవత్సరాలు నిండినవారికి, గాయమైన 24 గంటలలోపు వాడుటకు ఉద్దేశించినది. పిల్లలకు ఈ అనుమతి వర్తించదు.

2025లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి తలగాయాల వర్గీకరణకు కొత్త చట్రాన్ని ప్రతిపాదించినది. ఇందులో రోగి లక్షణాలు, రక్త జీవసూచికలు, స్కాన్ చిత్రాలు, రోగి పూర్వస్థితి అనే నాలుగు అంశాలు ఉన్నాయి.

ఫలితాన్ని అర్థం చేసుకొనే విధానం

2018 నాటి అనుమతికి ఆధారమైన అధ్యయనంలో అమెరికా, ఐరోపాలకు చెందిన 1,959 మంది రోగుల వివరాలను విశ్లేషించారు. మిల్లీలీటరు ద్రవంలో జీఎఫ్‌ఏపీ 22 పికోగ్రాములు లేదా యూసీహెచ్-ఎల్1 327 పికోగ్రాములు ఉన్నా, అంతకు మించినా ఫలితాన్ని ధనాత్మకంగా లెక్కించారు. యంత్రం మారితే ఈ హద్దులు కూడా మారుతాయి.

వారిలో సీటీ స్కానులో గాయం కనిపించినవారు 125 మంది, అనగా సుమారు 6 శాతం. ఈ 125 మందిలో 122 మందిని రక్తపరీక్ష గుర్తించినది, ముగ్గురిని గుర్తించలేదు. అనగా దీని గుర్తింపు శక్తి 97.6 శాతం. ఫలితం ఋణాత్మకంగా వచ్చిన 671 మంది విషయంలో స్కానులో గాయం లేదనే సూచన 99.6 శాతం సరైనది. ఇది వైద్యునికి ధైర్యాన్నిచ్చే సంఖ్య.

రెండవ వైపు చూస్తే చిత్రం వేరు. మొత్తం 1,288 మందికి ఫలితం ధనాత్మకంగా వచ్చినది. వారిలో స్కానులో నిజంగా గాయం కనిపించినవారు 122 మందే, అనగా పదిమందిలో ఒక్కరు కూడా కాదు. కాబట్టి ధనాత్మక ఫలితాన్ని చూసి రోగి బంధువులు భయపడవలసిన పని లేదు. దాని అర్థం "స్కాన్ తీయించండి" అని మాత్రమే.

ఇక్కడ మరొక ముఖ్యమైన విషయం ఉన్నది. ఆ అధ్యయనంలో చేరినవారందరూ ఎలాగూ స్కాన్ తీయవలసినవారని వైద్యులు నిర్ణయించినవారు. అటువంటివారిలో పరీక్ష మూడింట ఒక వంతు స్కానులను తగ్గించగలదని తేలినది. స్కాన్ అవసరమే లేని చిన్న దెబ్బ తగిలినవారందరికీ కూడా ఈ పరీక్ష చేస్తే, వారిలో కొందరికి ధనాత్మకంగా వచ్చి, అంతకు ముందు లేని స్కానులు కొత్తగా మొదలవుతాయి. స్కానులను తగ్గించడానికి వచ్చిన పరీక్ష, విచక్షణ లేకుండా వాడితే వాటిని పెంచుతుంది.

పరిమితులు

వయసు మళ్ళినవారిలో గాయం లేకపోయినా జీఎఫ్‌ఏపీ స్థాయి కొంత ఎక్కువగా ఉంటుంది. మెదడులో కంతులు, పక్షవాతం వంటి వ్యాధులలోనూ పెరుగుతుంది. స్కానులో ఏమీ కనిపించనంత మాత్రాన గాయం లేదని కూడా చెప్పలేము. 2019లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో, సీటీ స్కానులో ఏమీ కనిపించని 450 మందికి ఎంఆర్ఐ తీయగా, 120 మందిలో మార్పులు కనిపించాయి. వారి రక్తంలో జీఎఫ్‌ఏపీ ఎక్కువగా ఉన్నది. అనగా రక్తపరీక్ష తప్పు అనిపించిన చోట, కొన్నిసార్లు సీటీ స్కానే చిన్న గాయాన్ని చూడలేకపోవచ్చును.

రక్తం పలచబడే మందులు వాడేవారు, ఫిట్స్ వచ్చినవారు, మార్కులు తగ్గుతూ పోతున్నవారి విషయంలో రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా నేరుగా స్కాన్ తీయాలి. పరీక్ష మెడ ఎముకల గురించి గాని, ఇతర అవయవాల గురించి గాని ఏమీ చెప్పదు.

రక్తంతో సంబంధం లేని పద్ధతులు కూడా ఉన్నాయి. భారతీయ వైద్య పరిశోధన మండలి సహకారంతో దేశంలో రూపొందిన సెరెబో అనే చేతిపరికరం పరారుణ కాంతి సహాయంతో పుర్రెలోని రక్తస్రావాన్ని పసిగట్టడానికి ఉద్దేశించినది.

సైబరాబాదు వంటి చోట్ల ఉపయోగం

గచ్చిబౌలి, మాదాపూర్, కొండాపూర్ పరిసరాలలో పెద్ద కార్పొరేటు ఆసుపత్రులు అనేకం ఉన్నాయి. కొండాపూర్‌లో ప్రభుత్వ ఆసుపత్రి కూడా ఉన్నది. రోడ్డు ప్రమాదాలలో వచ్చేవారిని మూడు రకాలుగా విభజించి చూడవచ్చును.

స్పృహ లేనివారు మొదటి రకం. వీరికి రక్తపరీక్షతో పని లేదు, వెంటనే స్కాన్ తీయాలి. స్పృహ తప్పకుండా, ఏ లక్షణమూ లేకుండా చిన్న దెబ్బతో వచ్చినవారు రెండవ రకం. వీరికి వైద్యుని పరీక్ష, జాగ్రత్తలు చెప్పి పంపడం చాలును. మూడవ రకం వీరిద్దరి నడుమ ఉన్నవారు. క్షణకాలం స్పృహ తప్పి తేరుకున్నవారు, జరిగినది సరిగా గుర్తు లేనివారు, తలనొప్పి తగ్గనివారు ఈ కోవలోకి వస్తారు. జీవసూచికల పరీక్ష వీరి కోసమే.

మద్యం సేవించి ప్రమాదానికి గురైనవారి విషయం చిక్కైనది. తడబడే మాట, మగత అనేవి మద్యం వలన వచ్చినవా, మెదడు గాయం వలన వచ్చినవా అని చెప్పడం కష్టం. మత్తు అని తేలికగా తీసుకొని రోగిని పక్కన పడుకోబెట్టడం ప్రాణాంతకం కావచ్చును. ఇటువంటప్పుడు రక్తపరీక్ష ఒక అదనపు ఆధారం. అయినా అనుమానం ఉంటే స్కాన్ తీయడమే క్షేమం.

స్కాన్ యంత్రం పక్క గదిలోనే ఉన్న ఆసుపత్రిలో ఈ పరీక్ష వలన కలిగే లాభం కొద్దిపాటి వికిరణం, కొంత సమయం ఆదా కావడం. స్కాన్ యంత్రం లేని ఆసుపత్రిలో లాభం ఇంతకంటే చాలా ఎక్కువ. అక్కడ ఋణాత్మక ఫలితం వస్తే రోగిని రాత్రివేళ అంబులెన్సులో నగరానికి తరలించే అవసరం తప్పుతుంది. ధనాత్మకంగా వస్తే తరలింపు ఆలస్యం కాకుండా ఉంటుంది. కాబట్టి అన్ని సౌకర్యాలు ఉన్న నగర ప్రాంతంలో కంటే, జిల్లాలలోని చిన్న ఆసుపత్రులలో ఈ పరీక్ష విలువ అధికం. అయితే పైన చెప్పిన హద్దులు ఇతర దేశాల రోగుల ఆధారంగా నిర్ణయించినవి గనుక, ఇక్కడి రోగులలో వాటిని సరిచూసుకోవడం అవసరం.

రోగి బంధువులు గమనించవలసిన లక్షణాలు

రక్తపరీక్షలో గాని, స్కానులో గాని ఏమీ లేదని ఇంటికి పంపినప్పటికీ, మొదటి 24 గంటలు రోగిని ఒంటరిగా ఉంచరాదు. హాస్టళ్ళలో, అద్దె గదులలో ఒంటరిగా ఉండే ఉద్యోగులు ఆ రాత్రికి స్నేహితులనో, బంధువులనో తోడుగా ఉంచుకోవాలి. ఈ కింది లక్షణాలలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోను చేయాలి.

* అంతకంతకూ పెరిగే తలనొప్పి
* మళ్ళీ మళ్ళీ వాంతులు
* లేపినా సరిగా మేల్కొనకపోవడం, మాట తడబడటం, అయోమయం
* ఒక కంటి పాప మరొక దానికంటే పెద్దదిగా ఉండటం
* ఒక చేయి లేదా కాలు బలహీనపడటం
* ఫిట్స్ రావడం
* ముక్కు లేదా చెవి నుండి నీరు వంటి ద్రవం, రక్తం కారడం

నివారణ

మోటారు వాహనాల చట్టం 1988 లోని 129వ సెక్షను ప్రకారం ద్విచక్ర వాహనం నడిపేవారితో పాటు వెనుక కూర్చున్నవారు కూడా హెల్మెట్ ధరించాలి. పట్టీ బిగించని హెల్మెట్ కింద పడే సమయంలో ఊడిపోతుంది గనుక దాని వలన ప్రయోజనం లేదు. గాయం అయిన తరువాత ఎంత నష్టం జరిగినదో జీవసూచికలు తెలుపుతాయి. జరిగే నష్టాన్ని తగ్గించేది హెల్మెట్ మాత్రమే.